మాస్కు చూస్తేనే ఏడ్చే పిల్లాడికి నెబులైజర్ ఎలా పెట్టాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. మా బాబుకు మూడేళ్లు నిండాయి. పోయిన వానాకాలం నుంచి జలుబు చేసిన ప్రతిసారీ రెండో రోజుకల్లా పిల్లికూతలు, ఆయాసం మొదలవుతున్నాయి. ఆసుపత్రికి తిప్పి తిప్పి అలసిపోయాక డాక్టరుగారు మందును ఆవిరిలా పట్టే మిషన్, నెబులైజర్ ఇంటికే కొనుక్కోమన్నారు. రెండు రకాల మందులు రాశారు. ఆ హడావిడిలో ఏది ఎప్పుడు వేయాలో సరిగా అర్థం కాలేదు. మాస్కు చూస్తేనే వాడు గుక్కపెట్టి ఏడుస్తాడు. మా ఆయన కాళ్లూ చేతులూ పట్టుకుంటే నేను మాస్కు కాస్త దూరంగా పెట్టి ఆవిరి తగిలేలా చూస్తున్నాను. ఒక్కోసారి నిద్రపోయాక పెడుతున్నాను. మా అత్తయ్య "ఆ మిషన్‌కు మరిగాడంటే ఇక జన్మంతా అదే, హైదరాబాదు తీసుకెళ్లి చేపమందు వేయిద్దాం, లేదా వాణ్ణి మదనపల్లెలో నా దగ్గర ఉంచు" అంటున్నారు. పక్క ఫ్లాటువాళ్లు ఇన్‌హేలరే మేలంటున్నారు. మామూలు జలుబుకు కూడా నెబులైజర్ పెట్టొచ్చా? దాన్ని ఎలా కడగాలి? రాత్రిపూట వాడికి ఆయాసం వస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు.
ఒక తల్లి, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీరడిగిన వాటన్నిటికీ జవాబు చెబుతాను. కానీ ఈ రాత్రే మార్చుకోవాల్సింది ఒకటుంది, ముందు అది. మాస్కును దూరంగా పట్టుకోవడం ఆపేయండి. ముఖానికీ మాస్కుకూ మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల సందున్నా లోపలికి చేరే మందు బాగా తగ్గిపోతుంది. ఇంకా దూరంగా పెడితే మందు గది గాలిలో కలుస్తుందే తప్ప బాబు ఊపిరితిత్తుల దాకా వెళ్లదు. తెల్లటి ఆవిరి కంటికి కనబడుతుంది కాబట్టి పెట్టామన్న తృప్తి మాత్రం మనకు మిగులుతుంది. తర్వాత "మందు పెట్టినా తగ్గలేదు" అని దిగులుపడతాం. నిజానికి ఆ మందు వాడికి పడనే లేదు.

ఏడుపు సంగతీ అంతే. "ఏడిస్తే ఊపిరి గట్టిగా తీసుకుంటాడు, మందు ఇంకా బాగా పడుతుంది" అనే మాట ఆసుపత్రుల్లో కూడా వినిపిస్తుంది. అది నిజం కాదు. గుక్కపెట్టి ఏడ్చే పిల్లాడు చాలాసేపు ఊపిరి వదులుతూనే ఉంటాడు, మధ్యలో చటుక్కున ఒక్కసారి గాలి పీలుస్తాడు. అంత వేగంగా వెళ్లిన మందు తుంపరలు ముక్కులోనూ గొంతులోనూ అంటుకుని, అక్కడి నుంచి కడుపులోకి పోతాయి. కింద సన్నటి శ్వాసనాళాల్లోకి దిగేది చాలా కొంచెం. ఇద్దరు పెద్దవాళ్లు పట్టుకుని పెడితే ఆ పూట మందూ వృథా, మర్నాటికి మాస్కంటే వాడి భయమూ పెరుగుతుంది. ఒక్క సందర్భం వేరు: వాడు నిజంగా ఆయాసంతో సతమతమవుతుంటే ఏడ్చినా సరే మాస్కు ముఖానికి ఆనించే పెట్టండి. ఎంత పడితే అంత మేలు. పెడుతూనే ఆసుపత్రికి బయలుదేరే ఏర్పాటు చూడండి.

మిగతా రోజుల్లో వాణ్ణి మచ్చిక చేసుకోవాలి. ఆ పని వాడు హాయిగా ఉన్నప్పుడే చేయాలి, ఆయాసం వచ్చిన రాత్రి కుదరదు. మాస్కును బొమ్మల మధ్య పడేసి ఉంచండి. టెడ్డీకి పెట్టమనండి, వాళ్ల నాన్నకు పెట్టమనండి, మీరూ పెట్టుకోండి. మందు లేకుండా, మిషన్ ఆన్ చేయకుండా కాసేపు మాస్కు ముఖానికి ఆనించుకుంటే చప్పట్లు కొట్టండి. మర్నాడు ఇంకాస్త సేపు. చాలామంది పిల్లలకు భయం మాస్కంటే కాదు, ఆ మోతంటే. అందుకని మిషన్ స్విచ్ వాడి చేతే నొక్కించండి. తన చేతిలో ఉన్న మోత పిల్లల్ని అంతగా భయపెట్టదు. మీ మారతహళ్లి మీదుగా హెచ్‌ఏఎల్ విమానాలూ హెలికాప్టర్లూ వెళ్తూనే ఉంటాయి కదా, పైలట్లు కూడా మాస్కు పెట్టుకునే నడుపుతారని చెప్పి చూడండి. మూడేళ్ల పిల్లాడికి ఇంతకంటే గొప్ప ఉద్యోగం లేదు. ఫోనులో వాడికిష్టమైన బొమ్మల పాట పెట్టడానికి కూడా సంకోచించకండి. పిల్లలకు స్క్రీన్ తగ్గించమని చెప్పేదాన్నే గానీ, ఈ పది నిమిషాలకు నా అభ్యంతరం లేదు.

పెట్టేటప్పుడు పడుకోబెట్టకండి. ఒళ్లో నిటారుగా, వాడి వీపు మీ ఛాతీకి ఆనేలా కూర్చోబెట్టుకోండి. ఒక చెయ్యి వాడి చుట్టూ, ఇంకో చెయ్యి మాస్కు మీద. మాస్కు ముక్కునూ నోటినీ పూర్తిగా కప్పాలి, బుగ్గలకు మెత్తగా ఆనాలి, పై అంచు నుంచి కళ్లలోకి ఆవిరి కొట్టకూడదు. మాస్కు కింద మందు పోసే కప్పు నిటారుగా ఉండాలి, వాలితే ఆవిరి రాదు. మామూలు ఊపిరే చాలు, గట్టిగా పీల్చమని చెప్పక్కర్లేదు. మందు మొత్తం అయిపోవడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. కప్పులో చిటపటమని చప్పుడు మొదలై ఆవిరి ఆగి ఆగి వస్తుంటే కప్పును వేలితో ఒకటి రెండుసార్లు తట్టండి, ఆ తర్వాత ఆపేయొచ్చు. కప్పు అడుగున ఒక మిల్లీలీటరు దాకా ఎప్పుడూ మిగిలిపోతుంది. అందుకే 2 లేదా 2.5 మిల్లీలీటర్ల రెస్పూల్‌కు (ఒక్కసారికి సరిపడా మందుండే చిన్న ప్లాస్టిక్ గొట్టం) కాస్త సెలైన్ కలిపి 3, 4 మిల్లీలీటర్లు చేయమని చాలామంది డాక్టర్లు చెబుతారు. మీ డాక్టరు అలా రాసి ఉంటే మందుల షాపులో దొరికే 0.9 శాతం స్టెరైల్ సెలైన్ రెస్పూలే వాడండి. కుళాయి నీళ్లు, బిస్లరీ నీళ్లు, ఇంట్లో ఉప్పు కలిపిన నీళ్లు ఆ కప్పులోకి వెళ్లకూడదు.

నిద్రలో పెట్టడం తప్పు కాదు గానీ, దాన్నే నమ్ముకోవద్దు. మాస్కు తగలగానే చాలామంది పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడుస్తారు. రెండు మూడుసార్లు అలా జరిగితే నిద్రన్నా కూడా భయం పట్టుకుంటుంది. లేవకుండా పడుకునే పిల్లాడైతే తలవైపు ఎత్తుగా ఉంచి, మాస్కు సరిగ్గా ఆనించి పెట్టండి. అయితే ఆయాసంగా ఉన్న పిల్లాడు మగతగా పడి ఉంటే అది నిద్ర అనుకోవద్దు. దాని గురించి మళ్లీ చెబుతాను.

ఇక ఆ రెండు మందులు. మీ ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే. ఇంట్లో మిషన్ ఉండటం వల్ల ప్రమాదం లేదు. అందులో ఏం వేస్తున్నామో, ఎందుకు వేస్తున్నామో తెలియకపోతేనే ప్రమాదం. మీరు మందుల పేర్లు రాయలేదు కాబట్టి మామూలుగా మన దగ్గర రాసేవి చెబుతాను, మీ చీటీతో పోల్చి చూసుకోండి. మొదటి రకం సాల్బుటమాల్ లేదా లెవోసాల్బుటమాల్. అస్తాలిన్, లెవోలిన్ అనే పేర్లతో దొరుకుతాయి. శ్వాసనాళాల చుట్టూ బిగుసుకున్న కండరాలను ఇది సడలిస్తుంది. నిమిషాల్లో పనిచేయడం మొదలుపెట్టి 4 నుంచి 6 గంటలు నిలుస్తుంది. ఆయాసం, పిల్లికూతలు వచ్చినప్పుడు వేసేది ఇదే. దీనికే ఇప్రాట్రోపియం కలిపింది డ్యుయోలిన్. కళ్లలోకి ఆవిరి కొట్టకూడదని ఇందాక చెప్పింది ముఖ్యంగా దీని గురించే, అది పడితే కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది.

రెండో రకం బుడెసొనైడ్. బుడెకార్ట్ పేరుతో చూసి ఉంటారు. ఇది స్టెరాయిడ్. శ్వాసనాళాల లోపలి వాపును నెమ్మదిగా తగ్గిస్తుంది. నెమ్మదిగా అన్న మాట గుర్తుపెట్టుకోండి. అర్ధరాత్రి ఆయాసం వచ్చినప్పుడు ఇదొక్కటే వేసి కూర్చుంటే ఆ రాత్రికి ఉపశమనం దొరకదు. అలాగే, డాక్టరు కొన్ని వారాలు రోజూ పెట్టమని రాస్తే, పిల్లికూతలు పోయాయి కదా అని నాలుగో రోజు మానేస్తే రావలసిన ఫలితం రాదు. రెండూ ఒకే పూట పెట్టాల్సి వస్తే సాల్బుటమాల్ ముందు, బుడెసొనైడ్ తర్వాత. రెండూ ఒకే కప్పులో కలపమని డాక్టరు రాసి ఉంటే కలపొచ్చు, మీ అంతట మీరు వేరే ఏ మందూ కలపకండి. బుడెసొనైడ్ రెస్పూల్‌ను తెరిచే ముందు మెల్లగా ఊపాలి, మందు అడుగున పేరుకుని ఉంటుంది. పెట్టడం అయ్యాక తడిగుడ్డతో ముఖం తుడిచి, నోరు పుక్కిలింపజేయండి. పుక్కిలించడం రాకపోతే నాలుగు గుక్కల నీళ్లు తాగించండి. లేకపోతే నోట్లో తెల్లటి పూత వచ్చే అవకాశం ఉంది.

ఒకే మందు రకరకాల మోతాదుల్లో వస్తుందని చాలామందికి తెలియదు. లెవోసాల్బుటమాల్ రెస్పూల్ 0.31, 0.63, 1.25 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. బుడెసొనైడ్ 0.5, 1 మిల్లీగ్రాముల్లో ఉంటుంది. చూడటానికి అన్నీ ఒకేలాంటి చిన్న ప్లాస్టిక్ గొట్టాలు. షాపువాళ్లు "అది లేదు మేడమ్, ఇది తీసుకోండి, సేమ్" అన్నప్పుడు ఊరుకోకండి. చీటీలో ఉన్న అంకె, రెస్పూల్ మీద ఉన్న అంకె ఒకటేనా అని చూసి, తేడా ఉంటే డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. పోయిన సంవత్సరం మిగిలినవి, పక్కింటి పాపకు రాసినవి వద్దు. రెస్పూల్స్ ఉండే వెండిరంగు కవరు తెరిచిన తేదీ దాని మీదే రాసిపెట్టుకోండి, ఎన్నాళ్లలో వాడేయాలో పెట్టె మీద ఉంటుంది. సగం వాడి సగం దాచిన రెస్పూల్‌ను పారేయండి.

సాల్బుటమాల్ పెట్టిన తర్వాత గుండె దడదడలాడటం, చేతివేళ్లు సన్నగా వణకడం, రాత్రి పదకొండింటికి ఇల్లంతా పరుగులు తీయడం, ఇవన్నీ కాసేపటికి తగ్గిపోయేవే. మందు పడలేదేమో, వికటించిందేమో అని కంగారుపడకండి. ఆ దడ చాలాసేపు తగ్గకపోయినా, వాంతులు ఆగకపోయినా డాక్టరుకు చెప్పండి.

మామూలు జలుబుకు నెబులైజర్ వద్దు. ముక్కు కారుతూ దగ్గుతున్నంత మాత్రాన శ్వాసనాళాలు బిగుసుకున్నట్టు కాదు, బిగుసుకోని చోట సడలించే మందుకు పనేమీ లేదు. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలు చాలు. ఏడాది లోపు పసిపిల్లలకు వైరస్ వల్ల వచ్చే బ్రాంకియోలైటిస్ అనే జబ్బులో కూడా ఎగశ్వాస, పిల్లికూతలు ఉంటాయి. దానికి సాల్బుటమాల్ ఇవ్వనక్కర్లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే స్పష్టంగా చెప్పింది. మీ ఇంట్లో మిషన్ ఉందని తెలిసి ఎవరైనా చంటిబిడ్డను ఎత్తుకొస్తే దయచేసి పెట్టకండి, డాక్టరు దగ్గరికి పంపండి. విక్స్, కర్పూరం, యూకలిప్టస్ నూనె, తులసి రసం, ఇవేవీ ఎప్పుడూ ఆ కప్పులో వేయకూడదు. కర్పూరం చిన్నపిల్లలకు విషం, ఫిట్స్ తెప్పించగలదు. వేడినీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టడం కూడా ఈ వయసులో వద్దు. ఆ గిన్నె ఒలికి ఒళ్లు కాల్చుకున్న పిల్లల్ని చూసినవాళ్లెవరూ దాన్ని ఇంటివైద్యమని అనరు.

అత్తయ్యగారి భయం గురించి. ఆవిడ మనవడి మీద ప్రేమతో అంటున్నారు, కాబట్టి జవాబు కూడా మర్యాదగా చెప్పాలి. సాల్బుటమాల్‌కు గానీ బుడెసొనైడ్‌కు గానీ పిల్లలు మరగరు. మళ్లీ మళ్లీ పెట్టాల్సి వస్తోందంటే జబ్బు మళ్లీ మళ్లీ వస్తోందని అర్థం. అయితే ఆవిడ మాటలో పట్టించుకోవాల్సిన అంశం ఒకటుంది. ఆయాసం తగ్గించే మందు వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అవసరమవుతుంటే "పెడుతున్నాం, తగ్గుతోంది" అని సరిపెట్టుకోకూడదు. వాపును అదుపులో ఉంచే మందు సరిపోవడం లేదనో, అసలు మొదలుపెట్టాల్సి ఉందనో దాని అర్థం. డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

జన్మంతా అన్న భయానికి ఇంకో జవాబుంది. అమెరికాలోని టూసాన్‌లో పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనించిన అధ్యయనం ఒకటి 1995లో ప్రచురితమైంది. మొదటి మూడేళ్లలో పిల్లికూతలు వచ్చిన వాళ్లలో దాదాపు 60 శాతం మందికి ఆరేళ్లు వచ్చేసరికి అవి పోయాయి. మీ వాడు ఆ గుంపులో ఉంటాడో లేదో ఇప్పుడే చెప్పలేం. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే, బాబుకు ఒంటి మీద గజ్జిలాంటి ఎగ్జిమా ఉంటే, జలుబు లేకుండా కూడా ఆయాసం వస్తుంటే అది నిలిచిపోయే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ అన్న మాట వినగానే ఎదుగుదల ఆగిపోతుందని కూడా భయపడతారు. 4 నుంచి 6 ఏళ్ల పాటు రోజూ బుడెసొనైడ్ పీల్చిన పిల్లలు పెద్దయ్యాక ఎంత ఎత్తున్నారో కొలిచి చూస్తే, వాడని వాళ్లకంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఉన్నారని 2012లో తేలింది. తేడా ఉందన్నది నిజం, అది అంతేనన్నదీ నిజం. ఊపిరాడక నిద్రలేని రాత్రులతో, బడి మానేసిన రోజులతో పోల్చి చూసి మీరే తేల్చుకోండి.

చేపమందు మాట. మృగశిర కార్తె రోజు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం వేసే ఆ మందు మీద మనవాళ్లకు తరతరాల నమ్మకం. కానీ అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని వైద్యపరంగా రుజువు కాలేదు. బతికున్న కొర్రమీను పిల్లను మూడేళ్ల పిల్లాడి గొంతులో వేయడం, అందులోనూ ఆయాసం ఉన్న పిల్లాడికి, నాకు భయం. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ఆ జనం, ఆ దుమ్ము కూడా వాడికి పడవు. "వాడు ఇంకా చిన్నవాడు అత్తయ్యా, డాక్టరు వద్దన్నారు" అని నా పేరే చెప్పండి. ఆ నమ్మకం మీద చేతిలో ఉన్న మందులు మాత్రం ఎవరూ మాన్పించకూడదు.

మదనపల్లె పంపడం గురించి కూడా ఆలోచించే ఉంటారు. ఒకప్పుడు క్షయరోగులు గాలి మార్పు కోసం ఆరోగ్యవరం శానటోరియానికి వచ్చిన ఊరది, అత్తయ్యగారికి ఆ గాలి మీద గురి ఉండటం సహజం. బెంగళూరు గాలి మంచిదని నేనూ అనను. ఇక్కడి లేక్‌సైడ్ ఆసుపత్రిలో డాక్టర్ హెచ్. పరమేశ్ 20,000 మంది పిల్లల్ని పరిశీలిస్తే ఉబ్బసం 1979లో 9 శాతం, 1999లో 29.5 శాతం ఉంది. అప్పటికి అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా ఇన్ని అపార్టుమెంట్లూ, ఇంత సిమెంటు దుమ్మూ లేవు. అయినా మీ బాబుకు జలుబుతోనే ఆయాసం వస్తోంది, జలుబు వైరస్‌లు ప్లేస్కూలున్న ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. మూడేళ్ల పిల్లాణ్ణి అమ్మకు దూరం చేయడానికి అది చాలినంత కారణం కాదని నా అభిప్రాయం. ఆవిణ్ణే ఇక్కడికి రమ్మనండి. వచ్చినప్పుడు ఒక పని అప్పగించండి: తలంటు పోశాక సాంబ్రాణి పొగ, సాయంత్రం అగరొత్తులు, రాత్రి దోమల కాయిల్, ఈ మూడూ ఇంట్లో లేకుండా చూడటం. పొగ ఏదైనా వాడి సన్నటి శ్వాసనాళాలకు పొగే. సిగరెట్ సంగతి చెప్పనక్కర్లేదు. బాల్కనీలో కాల్చి వచ్చినా బట్టలకు అంటుకుని వస్తుంది.

ఇన్‌హేలర్ విషయంలో మీ పక్క ఫ్లాటువాళ్లు చెప్పింది సరైనదే. మిషన్ పెద్దది, మోత చేస్తుంది, ఆవిరి వస్తుంది కాబట్టి దాని మందు బలమైనదనీ, ఇన్‌హేలర్ చివరి మెట్టనీ మనవాళ్ల అనుకోలు. వాస్తవం వేరు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 2013లో 39 అధ్యయనాలను కలిపి చూసింది. ఉబ్బసం ఎక్కువై ఆసుపత్రికి వచ్చిన పిల్లలకు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు ప్లాస్టిక్ డబ్బా, మందు అందులో నిలిచి పిల్లాడు మెల్లగా పీల్చుకుంటాడు) ఇన్‌హేలర్ ఇచ్చినా నెబులైజర్‌కు తీసిపోలేదు. పైగా స్పేసర్ వాడిన పిల్లలు ఎమర్జెన్సీలో తక్కువసేపు ఉన్నారు, వాళ్ల గుండె దడ కూడా తక్కువ. పది నిమిషాల పని ఒకటి రెండు నిమిషాల్లో అవుతుంది. కరెంటు పోయినా, చింతామణి దాటాక రాత్రి బస్సులో ఆయాసం వచ్చినా సంచిలోంచి తీసి ఇవ్వొచ్చు. ఈ వయసుకు మాస్కు ఉన్న స్పేసర్ కావాలి, నాలుగేళ్లు దాటాక నోటితో పట్టుకునేది. ఇన్‌హేలర్‌ను బాగా ఊపి, స్పేసర్‌కు తగిలించి, మాస్కు ముఖానికి సందు లేకుండా ఆనించి, ఒక్క పఫ్ నొక్కి, ఐదారు ఊపిరులు తీసుకోనివ్వాలి. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, రెండోది. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కకూడదు. కొత్త స్పేసర్‌ను గిన్నెలు కడిగే సబ్బు నీళ్లలో ముంచి, తుడవకుండా గాలికి ఆరనిస్తే మందు ప్లాస్టిక్‌కు అంటుకోకుండా ఉంటుంది. మారడం గురించి మీ డాక్టరును అడగండి. మందు మోతాదు మిషన్‌కు ఒకలా, ఇన్‌హేలర్‌కు ఒకలా ఉంటుంది కాబట్టి మీ అంతట మీరు మార్చుకోకండి. కొన్న మిషన్ వృథా అవుతుందన్న బాధ వద్దు, అవసరం పడితే అదీ ఉంటుంది.

కడగడం. పెట్టిన ప్రతిసారీ కప్పునూ మాస్కునూ విడదీసి గోరువెచ్చటి నీళ్లతో కడిగి, దులిపి, శుభ్రమైన గుడ్డ మీద గాలికి ఆరబెట్టండి. రోజుకోసారి సబ్బు నీళ్లతో. మీ వైపు చాలా అపార్టుమెంట్లకు ట్యాంకర్ బోరు నీళ్లే కదా, ఆ ఉప్పు నీళ్లు ఆరితే కప్పులోని సన్నటి రంధ్రం చుట్టూ తెల్లగా పేరుకుని ఆవిరి తగ్గిపోతుంది. ఆఖరి కడుగు మాత్రం తాగే నీళ్లను మరగబెట్టి చల్లార్చి, వాటితో కడగండి. మీ మిషన్ పుస్తకంలో మరిగించవచ్చని ఉంటే రెండు మూడు రోజులకోసారి కప్పును 5 నిమిషాలు నీళ్లలో మరిగించండి. మిషన్ నుంచి కప్పుకు గాలి తెచ్చే గొట్టాన్ని కడగకూడదు. లోపల తేమ కనబడితే కప్పు తీసేసి మిషన్‌ను ఓ నిమిషం ఉత్తిగా నడపండి, ఆరిపోతుంది. ఫిల్టరు రంగు మారితే మార్చేయండి. తడి కప్పును మూతపెట్టి సంచిలో దాచకండి, క్రిములు పెరిగేది అక్కడే. ఇంకా కొనని పాఠకులకు ఒక మాట: కంప్రెసర్ మిషనే తీసుకోండి, అల్ట్రాసోనిక్ రకం బుడెసొనైడ్‌కు పనికిరాదు.

ఇప్పుడు మీ చివరి వాక్యం. ఆయాసం వచ్చిన రాత్రి ఏం చూడాలో ముందే తెలిసి ఉంటే కాళ్లూ చేతులూ ఆడతాయి. చొక్కా తీసి, లైటు వేసి చూడండి. ఊపిరి తీసుకుంటున్నప్పుడు డొక్కలు లోపలికి పోతున్నాయా? గొంతు కింద గుంట పడుతోందా? ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడా? ఏడవకుండా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు నిమిషానికి 40, అంతకు పైన ఉంటే వేగంగా ఉన్నట్టే. డాక్టరు చెప్పిన సాల్బుటమాల్ మోతాదు పెట్టండి. 15, 20 నిమిషాల్లో తేలికపడకపోతే ఆసుపత్రికి వెళ్లండి. తేలికపడి, మూడు నాలుగు గంటలు తిరక్కముందే మళ్లీ మొదలైనా వెళ్లండి. "ఇంకొక్కసారి పెట్టి చూద్దాం" అంటూ తెల్లారే దాకా గడపడం, ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లకు వచ్చే అసలు ప్రమాదం అదే. ఇంటి మిషన్ మామూలు గాలితో నడుస్తుంది. ఆసుపత్రిలో అదే మందును ఆక్సిజన్‌తో ఇవ్వగలరు, వాపు తగ్గించే మందు కడుపులోకీ రక్తంలోకీ ఇవ్వగలరు. ఆ తేడాను ఇంట్లో ఎన్నిసార్లు పెట్టినా పూడ్చలేం.

కొన్నింటికి ఆ 20 నిమిషాలు కూడా ఆగకూడదు. పెదవులు, నాలుక నీలంగా మారడం. నీళ్లు కూడా మింగలేకపోవడం, రెండు మాటలు కలిపి చెప్పలేకపోవడం. పిలిస్తే పలక్కుండా మగతగా ఉండటం. డొక్కలు ఎగరేస్తూనే ఉన్నా పిల్లికూతలు వినబడకుండా పోవడం. ఇది తగ్గుముఖం అనుకుని మోసపోతారు, లోపలికి గాలే వెళ్లడం లేదని దాని అర్థం. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ ఉంటే, వేలు కదలకుండా చూసినప్పుడు 94 కంటే తక్కువైతే డాక్టరుకు ఫోన్ చేయండి, 92 కంటే తక్కువైతే నేరుగా ఆసుపత్రికి. అంకె బాగుండి పిల్లాడు బాగాలేకపోతే పిల్లాణ్ణే నమ్మండి. 108కి ఫోన్ చేయండి, లేదా ఏ బండి ముందుంటే అందులో బయలుదేరండి, దారిలో కూడా ఇన్‌హేలర్‌తోనో ఇంకో విధంగానో మందు ఇస్తూ ఉండొచ్చు. మీ వైపు ట్రాఫిక్ తెలిసిందే. రాత్రంతా పిల్లల డాక్టరు ఉండే ఎమర్జెన్సీ మీ ఇంటికి దగ్గరలో ఏదో పగటిపూటే కనుక్కుని, ఒకసారి వెళ్లి గేటు ఎటువైపుందో చూసి రండి. ప్రభుత్వ ఆసుపత్రే కావాలంటే నిమ్‌హాన్స్ దగ్గరి ఇందిరా గాంధీ పిల్లల ఆసుపత్రి ఉంది, కానీ మారతహళ్లి నుంచి దూరం. ఎక్కువైన రాత్రి దగ్గరున్నదానికే వెళ్లాలి.

వాడు బాగున్న వారంలో ఒకసారి మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి, మీ ఆయన్నీ తీసుకెళ్లండి. మిషన్, మాస్కు, ఇంట్లో ఉన్న రెస్పూల్స్ అన్నీ సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. మీరు ఎలా పెడుతున్నారో వాళ్ల ముందే చేసి చూపించండి. ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు, ఎన్నాళ్లు, ఏం జరిగితే ఆసుపత్రికి రావాలి, ఇవన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. కావాలంటే తెలుగులో మీరే రాసుకుని ఆయనకు చదివి వినిపించి సరిచూసుకోండి. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించండి, అత్తయ్యగారు వచ్చినప్పుడు ఆవిడకూ చదివి వినిపించండి. అదే రోజు ఫ్లూ టీకా గురించి అడగండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా పిల్లలకు ఏటా వేయించమని మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెబుతోంది, వానాకాలం మొదలవక ముందే వేయిస్తే మంచిది.